సాక్ష్యం వీడియో కింద సొంత క్యూఆర్ కోడ్ పెట్టొచ్చా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా సంఘం యూట్యూబ్ ఛానెల్ యూత్ వాళ్లమే చూసుకుంటాం. మొన్న ఒక అక్క షుగర్ అదుపులోకి వచ్చిందని సాక్ష్యం చెబితే, "మందుల్లేకుండానే స్వస్థత" అని థంబ్‌నెయిల్ వేసి, కింద ఒక అన్న తన సొంత ఫోన్‌పే క్యూఆర్ పెట్టాడు. అక్క ఇప్పటికీ మెట్‌ఫార్మిన్ వేసుకుంటూనే ఉంది. నాకు మనసొప్పడం లేదు, ఎలా చెప్పాలి?

జవాబు 1:
థంబ్‌నెయిల్ ఈరోజే తీసేయండి తమ్ముడూ. అది నమ్మి ఏ పెద్దాయనో ఇన్సులిన్ మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఎడిట్ చేసిన వీడియో అక్కకి చూపించి, సరే అంటేనే మళ్లీ పెట్టండి. ఆ అన్నని మాత్రం గ్రూపులో నిలదీయొద్దు, మత్తయి 18:15లో ఉన్నట్టు ముందు విడిగా మాట్లాడండి.

జవాబు 2:
యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8:18-21 చూడండి, ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు. అపొస్తలుడికే అంత జాగ్రత్త ఉంటే మనకెంత ఉండాలి! సంఘం పేరున అకౌంట్, ఇద్దరి సంతకాలు, నెలనెలా లెక్క నోటీసు బోర్డు మీద. ఇంతకంటే తక్కువైతే అడగనే వద్దు.

జవాబు 3:
వీడియో విదేశాల్లోనూ చూస్తారు కదా, ఇంకోటి గమనించండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపితే అవుతుంది. దానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద సంఘానికి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. ఆ క్యూఆర్ వెంటనే తీయించండి.