ఇన్‌స్టాలో చీరలు చూస్తున్నారు, కొనట్లేదు. ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మంగళగిరిలో మాది నాన్నగారు పెట్టిన చేనేత చీరల కొట్టు. ఏడాదిగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాం, యాడ్స్‌కి బాగానే ఖర్చవుతోంది. ధర అడుగుతారు, క్యూఆర్ కోడ్ పంపగానే ఇక జవాబుండదు. అదే కొట్టుకొచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లరు. లోపం యాడ్స్‌లోనే ఉందంటారా?

జవాబు 1
యాడ్స్‌లో కాదండీ. పోయిన దసరాకి ఒక పేజీవాళ్లు చేనేత అని చెప్పి నాకు మరమగ్గం చీర అంటగట్టారు, డబ్బులు ముందే కట్టేశాను, ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు. అప్పటినుంచి తెలియని పేజీలో ముందుగా డబ్బు కట్టాలంటేనే భయం.

జవాబు 2
2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చింది కూడా ఈ భయానికే. కాకపోతే పార్సిల్ తిరిగొస్తే రానూపోనూ ఖర్చు మీ నెత్తినే పడుతుంది, అందుకని కొంచెం అడ్వాన్స్ తీసుకుని మిగతాది ఇంటి దగ్గర కట్టించుకోండి. ధర పోస్టులోనే రాయండి, 'ఇన్‌బాక్స్ చేయండి' అంటే మనిషిని బట్టి రేటు చెప్తారనుకుంటారు. చీరకున్న, చేనేతేనని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్, పట్టుదైతే అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ దగ్గరగా చూపించండి. వెనక్కి తీసుకుంటారో లేదో కూడా ముందే చెప్పేయండి. ఇవి లేకుండా యాడ్స్‌కి ఎంత పోసినా చూసి వెళ్లిపోయేవాళ్లే పెరుగుతారు.

అడిగినవారు
నిజమేనండీ. ట్యూబ్‌లైటు కింద ఫోటో తీస్తే వంకాయరంగు చీర నీలంగా పడింది, రెండు వెనక్కొచ్చాయి కూడా. రేపటినుంచి పగటి వెలుతురులో, అంచు తిరగేసి మరీ వీడియో తీస్తాం. అడ్వాన్స్ ఎంతైతే బాగుంటుంది?