కాన్పు గదిలో మర్యాద అడిగితే డాక్టర్లకు ఎందుకు కష్టంగా ఉంటుంది?

ఇద్దరు పిల్లల తల్లి:
నా మొదటి కాన్పులో పదకొండు గంటలు నొప్పులు పడ్డాను. అరిస్తే ‘నోరు మూసుకో’ అన్నారు. లోపల పరీక్ష చేసిన ప్రతిసారీ ఒక్కరూ ముందుగా చెప్పలేదు. బిడ్డ బయటకు వచ్చే దారి దగ్గర కోత పెట్టారన్న సంగతి నాకు కుట్లు వేసేటప్పుడే తెలిసింది. తర్వాత అడిగితే డాక్టర్ గారు ‘బిడ్డ బాగానే ఉంది కదా, ఇంకేం కావాలి?’ అన్నారు. ప్రసవం ఎలా చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సులు ఇచ్చింది. తల్లికి అది మంచి అనుభవంగా ఉండాలన్న మాట వాటి పేరులోనే ఉంది. ఈ మాట ఎత్తితే డాక్టర్లు ఎందుకు కోపం తెచ్చుకుంటారు?

ప్రసూతి డాక్టర్:
మీకు జరిగింది తప్పేనమ్మా. కానీ మా వైపు నుంచీ చూడండి. ఒకే డ్యూటీలో ఐదుగురు నొప్పులతో ఉంటారు. అందులో ఒకరికి రక్తస్రావం ఆగదు, ఇంకొకరి బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది. బిడ్డకు ఏదైనా అయితే ‘మర్యాదగా చూసుకున్నారు’ అని మమ్మల్ని ఎవరూ వదిలిపెట్టరు. ఆ భయంతోనే తొందరపడతాం, గొంతు పెంచుతాం. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాలి, లేదంటే నొప్పులు పెరగడానికి మందు ఎక్కించాలి అని చదువుకున్నవాళ్లం. ప్రాణం ముందు, అనుభవం తర్వాత.

లేబర్ రూమ్ నర్సు:
డాక్టర్ గారూ, పని భారం నిజం. నేనూ అక్కడే ఉంటాను. కానీ ‘ప్రాణం ముందు’ అన్న మాట ఒప్పుకోలేను, ఆ రెండూ వేరు కావు. మీరు చెప్పిన గంటకో సెంటీమీటర్ ఆలోచన 1950లలో ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ప్రసూతి డాక్టర్ గీసిన గ్రాఫ్ దగ్గర మొదలైంది. తల్లీబిడ్డ బాగుంటే ఆ వేగం అందుకోలేదన్న ఒక్క కారణంతో మందు ఎక్కించవద్దని, 5 సెంటీమీటర్ల దాకా అసలు తొందరపెట్టవద్దని ఆ 2018 సిఫార్సులే చెబుతున్నాయి. అందరికీ కోత పెట్టడం, పొట్ట మీద నొక్కి బిడ్డను తోయడం కూడా వద్దన్నాయి. ఇక తోడు మనిషి సంగతి. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2017లో ఇచ్చిన సమీక్ష 26 అధ్యయనాలను, 15 వేల మందికి పైగా తల్లులను చూసింది. కాన్పు మొదలు నుంచి చివరి దాకా పక్కన ఒకరు ఉన్నవాళ్లకు సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయమూ కాస్త తగ్గింది. ఇది భద్రత కాదా? మా దగ్గర తోడును రానివ్వని డాక్టర్లే ఎక్కువ, ‘గుంపు అవుతుంది’ అంటారు.

ప్రసూతి డాక్టర్:
మంచాల మధ్య కర్టెన్ కూడా లేని గదిలోకి ఒకామె భర్తను రానిస్తే పక్కామె పరిస్థితి ఏమిటి? కర్టెన్లు, మనుషులు ఇవ్వకుండా మా మనసు మారమంటే ఎలా? కోత గురించి మీరు చెప్పింది నిజమే, అలవాటు కొద్దీ పెట్టినవి నేనూ చూశాను. కొన్ని నేనే పెట్టాను.

ఇద్దరు పిల్లల తల్లి:
అంత నిజం చెప్పినందుకు థ్యాంక్స్ డాక్టర్ గారూ. కర్టెన్లు మీ చేతిలో లేవు, అర్థమైంది. నా రెండో కాన్పులో బిడ్డ గుండె చప్పుడు తగ్గితే ఉన్నట్టుండి ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. అప్పుడు ఎంత టెన్షన్‌గా ఉందో చెప్పలేను. ఆ డాక్టరమ్మ స్ట్రెచర్ పక్కనే నడుస్తూ ఏం జరుగుతోందో, ఇప్పుడు ఏం చేస్తారో రెండు ముక్కల్లో చెప్పి, ‘సరేనా అమ్మా?’ అని అడిగారు. సరే అన్నాను. పట్టింది అర నిమిషమే. ఆ కాన్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేయదు.