భోగాపురం ప్లాటా, నిఫ్టీ ఇండెక్స్ ఫండా? మార్కెట్ పడేదాకా ఆగాలా?

చంపావతి:
చేతిలో 20 లక్షలున్నాయి, ఏడెనిమిదేళ్లు అవసరం పడదు. భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాటు చూపించి, ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదంటున్నారు. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ సూచీలోని 50 కంపెనీల షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) చూస్తే మార్కెట్ ఇప్పటికే బాగా పెరిగింది, పడ్డాక వేద్దామని ఉంది. ఏది నయం?

నాగావళి:
పడ్డాక కొందామన్నవాళ్లు పడ్డప్పుడు కొనరు, అదే చిక్కు. 2020 జనవరిలో 12,362 చూసిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ రోజు ఎక్కడ విన్నా 'ఇంకా పడుద్ది' అన్న మాటే. నవంబరుకల్లా పాత గరిష్ఠం దాటేసింది.

ఒకేసారి వేయడానికి చెయ్యి రాకపోతే మొత్తం లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ కాలానికి అప్పులిచ్చే, ఒడిదుడుకులు తక్కువుండే ఫండ్) పెట్టి, అదే కంపెనీ నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లోకి ఎస్‌టీపీ (ఒక ఫండ్ నుంచి ఇంకోదానికి విడతలుగా డబ్బు బదిలీ) పెట్టండి. వారానికి 40 వేలు, 50 వారాలు. డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమిషన్ ఉండదు), గ్రోత్ ఆప్షన్ (లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచుతారు) తీసుకోండి. ప్రతి బదిలీ లిక్విడ్ ఫండ్ అమ్మకం కిందే లెక్క, ఆ కాస్త లాభానికి మీ ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. మధ్యలో మార్కెట్ పడిందని ఎస్‌టీపీ ఆపేస్తారు చాలామంది. యూనిట్లు ఎక్కువొచ్చేది అప్పుడే కదా!

వంశధార:
2020 ఒక్కటే చెబితే ఎలా మాస్టారూ? 2008 జనవరిలో 6,300 దగ్గర కొన్నవాడు ఆ అంకె మళ్లీ చూసేసరికి దాదాపు మూడేళ్లు, దాన్ని గట్టిగా దాటేసరికి 2013 చివర. మూడేళ్లలో ఇంట్లో పెళ్లి ఉంటే ఫండూ వద్దు, ప్లాటూ వద్దు.

ఇక ప్లాటు లెక్క. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే 20 లక్షలకు లక్షన్నర. ఐదేళ్లకు 30 లక్షలకు అమ్మారనుకోండి. 8.5 లక్షల లాభం మీద 12.5 శాతం పన్ను, సెస్సు, ఒక శాతం బ్రోకరేజీ పోను చేతికొచ్చేది సుమారు 28.6 లక్షలు. పెట్టింది 21.5. ధర ఒకటిన్నర రెట్లయినా ఏటికి 6 శాతం నిండలేదు.

చంపావతి:
తక్కువ విలువకు రిజిస్టర్ చేసి మిగతాది నగదుగా ఇస్తే ఖర్చు తగ్గుతుందట?

వంశధార:
ఆ పని వద్దు. కాగితంలో కొన్న ధర తగ్గితే అమ్మేటప్పుడు లాభం ఉబ్బుతుంది, ఆ పన్ను మీ నెత్తినే. పైగా స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడూ ఇదే రూలు.

నాగావళి:
సర్వే నంబరు పట్టుకుని ముందు 22-ఎ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడండి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), దేవస్థానం భూమి అందులో ఉంటే రిజిస్ట్రేషనే అవదు. 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాల పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల కొనుగోలు పత్రాలు), విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చే ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా నంబరు అడగండి. బ్రోషర్లో 'అప్రూవల్ దశలో ఉంది' అని ఉంటే అప్రూవల్ లేనట్టే.

ప్లాటు ధర రోజూ ఫోన్లో కనపడదు కాబట్టి పడనట్టే అనిపిస్తుంది. అదే లేఅవుట్లో ఇదివరకు కొని ఇప్పుడు అమ్ముకుంటున్నవాళ్లు ఎంత చెబుతున్నారో, ఎన్నాళ్లుగా చెబుతున్నారో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.