"అయం స రశనోత్కర్షీ": తెగిన చెయ్యి శ్లోకం, శృంగారమా శోకమా?

అందరికీ నమస్తే, చిన్న డౌట్. నెట్ (UGC NET) పరీక్ష కోసం అలంకారశాస్త్రం చదువుతున్న. "అయం స రశనోత్కర్షీ పీనస్తనవిమర్దనః, నాభ్యూరుజఘనస్పర్శీ నీవీవిస్రంసనః కరః" అని ఉన్నది. ఎట్ల చదివినా పచ్చి శృంగారమే, మరి మహాభారతం స్త్రీపర్వంల ఎందుకున్నదో సమజైతలేదు. ఎవరన్నా విడమర్చి చెప్పుండ్రి.

↳ తమ్మీ, ముందు ఆ చెయ్యి ఎవరిదో చూడు. కౌరవుల దిక్కు భూరిశ్రవుడు పాండవుల దిక్కు సాత్యకితోని కొట్లాడుతుంటే పక్కనుంచి అర్జునుడు బాణమేసి చెయ్యి నరికిండు, ఆయన ఆయుధం పక్కకు పెట్టి ప్రాయోపవేశానికి (తిండి మాని ప్రాణం ఇడుసుటానికి) కూసుంటే సాత్యకి పోయి తల తీసిండు. యుద్ధమైనంక భార్య వచ్చి ఆ తెగిన చెయ్యిని ఒళ్లె పెట్టుకొని ఏడుస్తది, గాంధారి అది కృష్ణునికి చూపెడుతది. ఈ చెయ్యే కదా నా మొలనూలు గుంజింది, ఈ చెయ్యే కదా పోకముడి విప్పింది అంటున్నది ఆమె. నెత్తురు మాట లేదు, నరికిన మాట లేదు, మొగుడు పెండ్లాలకు తప్ప ఇంకొకరికి తెల్వని ముచ్చట్లు పది మంది ముందల, పీనుగుల నడుమ బయట పడ్డయి, నాకైతే అక్కడ్నే గుండె పిండినట్టయితది. వెంటనే ఆమె కృష్ణుని దిక్కు తిరిగి, నువ్వు పక్కనుండంగనే, వేరేటోనితో కొట్లాడుతూ ఏమరుపాటుల ఉన్నోని చెయ్యి అర్జునుడు నరికిండు, సభలల్ల ఏమని చెప్పుకుంటవ్ ఈ గొప్ప అని అడుగుతది. ఇదే పర్వంల చచ్చినోళ్ల లెక్క ధర్మరాజు చెప్తడు, 166 కోట్ల 20 వేలు. చదివిన మర్నాడు ఆ అంకె యాదికుంటదా? చెయ్యి ఉంటది.

↳ అన్నా మంచిగ చెప్పినవ్. మా ములుగు దిక్కు మేడారం కథల గూడ గిట్లనే. కాకతీయుల సైన్యంతోని కొట్లాటల సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగవాగుల దుంకిండు, నీళ్లు ఎర్రగైనయ్ అంటరు సరే, గని సమ్మక్క పీనుగు ఎవ్వలకు దొరకలే, చిలకలగుట్ట మీద పుట్ట కాడ కుంకుమ భరిణె దొరికింది. ఇప్పటికి జాతరల గద్దెకు వచ్చేది గా భరిణెనే.

↳ అక్కా, నాకీ పోలిక పూర్తిగ నచ్చలే. భరిణె అంటే దేవత అయింది అన్న నమ్మకం, అండ్ల ఏడుపు తక్కువ. భూరిశ్రవుని పెండ్లానికి గా దిక్కు గూడ లేదు. ఇంకోటి, స్త్రీపర్వం మొత్తం గిట్ల సున్నితంగ ఉండదు, నక్కలు గద్దలు పీక్కతినుడు గూడ బాగనే ఉన్నది, వాటి నడుమ వచ్చింది గనుకనే ఈ శ్లోకం గట్టిగ తగులుతది.

↳ ఒప్పుకుంటున్న అన్నా, ఏడుపు సంగతి. నక్కల సంగతి మాత్రం నాకు ఎక్కదు, ఆ భాగం దాటేసుకుంట పోత.

↳ మరి సార్, పరీక్షల రసం ఏమని రాయాలె?

↳ కరుణం ప్రధానం, శృంగారం దానికి అంగం. మమ్మటుని కావ్యప్రకాశం 5వ ఉల్లాసంల (అధ్యాయంల) గుణీభూతవ్యంగ్యం, అంటే సూచించిన అర్థం ఇంకోదానికి లోబడి ఉండుడు, దాని కాడ ఇదే ఉదాహరణ, ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు గూడ ఎత్తుకున్నడు. శృంగారం అని ఒక్క ముక్క రాసి వస్తే మార్కులు పోతయ్ తమ్మీ.