స్పీకర్లలో చిటపట, ఎడమ పక్క గరగర: స్పీకర్లు మార్చాలా?

లాసన్స్‌బే_డెస్క్‌టాప్:
విండోస్ 10, మదర్‌బోర్డులోనే ఉన్న రియల్‌టెక్ సౌండ్ చిప్. 2.1 స్పీకర్ల (రెండు చిన్నవి, ఒక వూఫర్ డబ్బా) పిన్ను కేబినెట్ ముందు జాక్‌కి పెట్టాను. పాట పెడితే చిటపటమంటోంది, పిన్ను కదిపితే కాసేపు సర్దుకుంటోంది. సౌండ్ పెంచితే ఎడమది గరగరలాడుతోంది. ఏదైనా డౌన్‌లోడ్ అవుతుంటే రెండువైపులా తెగితెగి వస్తోంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేసినా అంతే. వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే స్పీకర్లు కొత్తవి కొనేయమన్నారు.

ఉప్పుగాలి:
అప్పుడే కొనకండి. మీరు చెప్పినవాటిలో కనీసం రెండు వేరువేరు జబ్బులున్నాయి. పిన్ను కదిపితే మారేది కాంటాక్టు సమస్య, దానికి డ్రైవర్‌తో పనిలేదు. మీ లాసన్స్‌బేలాంటి బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పు, తేమ కలిసి జాక్ లోపలి రేకుల్ని తినేస్తాయి.

మొదట స్పీకర్లను ఫోన్‌కి పెట్టి వినండి. తర్వాత కంప్యూటర్ వెనకున్న ఆకుపచ్చ జాక్‌కి మార్చండి. వెనక చిటపట లేకపోతే తప్పు ముందు జాక్‌ది, లేదా అక్కణ్ణించి బోర్డుకి వెళ్లే సన్న వైరుది. శుభ్రం చేయాలంటే కంప్యూటర్ కరెంటు ప్లగ్గు పీకేసి, పిన్నుకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి పది పదిహేనుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు. పైపూత పోతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

డీపీసీ_వేట:
డౌన్‌లోడ్ సంగతి నేను చెప్తాను. విండోస్ సౌండ్‌ని మామూలుగా 10 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపిస్తుంది. ఈలోగా ఇంకో డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకు కూర్చుంటే తర్వాతి ముక్క వేళకి అందదు, అదే మీకు తెగినట్టు వినిపించేది. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపించే లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ వేసి, డౌన్‌లోడ్ పెట్టి పది నిమిషాలు నడపండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎన్‌డీఐఎస్.సిస్ (ndis.sys, విండోస్ నెట్‌వర్క్ ఫైల్) పైన కనిపిస్తే వైఫై, ల్యాన్ డ్రైవర్లను అనుమానించాలి. వాటిని మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే తెచ్చుకోండి, "డ్రైవర్ అప్‌డేటర్" సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

సౌండ్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్లు (సౌండ్‌ని మార్చే అదనపు ఎఫెక్టులు) ఆపేసి, 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టి కూడా చూడండి.

లాసన్స్‌బే_డెస్క్‌టాప్:
వెనక జాక్‌తో చిటపట పోయిందండి. ఎన్‌డీఐఎస్ అన్నదే పైన ఉంది, వైఫై డ్రైవర్ మార్చాక తెగడం లేదు. ఎడమ గరగర మాత్రం ఫోన్‌కి పెట్టినా ఉంది.

ఉప్పుగాలి:
అయితే అది కంప్యూటర్‌ది కాదు. స్పీకర్లు ఆఫ్ చేసి, వూఫర్ డబ్బా వెనక ఎడమ, కుడి వైర్లు తారుమారు చేయండి. గరగర కుడివైపుకి పోతే లోపం యాంప్‌లో (డబ్బాలోని యాంప్లిఫయర్‌లో) ఉంది. ఎడమలోనే ఉండిపోతే ఆ స్పీకరే పాడైంది. జాలీ తీసి, కోన్‌ని (కదిలే గరాటు ఆకారం భాగాన్ని) రెండు వేళ్లతో చుట్టూ సమానంగా, మెల్లగా నొక్కండి. లోపల గీసుకుంటున్న చప్పుడొస్తే కోన్ వెనకున్న తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోంది, ఆ ఒక్క స్పీకర్ మారిస్తే చాలు, ఇంపిడెన్సూ (ఓమ్‌లు) సైజూ పాతదానివే ఉండాలి.

యాంప్ అయితే కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడాలి. పాతవాటికున్నన్నే మైక్రోఫారడ్లు, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం వేయించండి. డబ్బాలోకి నేరుగా 230 వోల్టులు వస్తాయి కాబట్టి సాల్డరింగ్ తెలిసినవాళ్ల చేతే విప్పించండి.

డీపీసీ_వేట:
ఇంకో మాట. స్పీకర్ నాబ్ చివరిదాకా తిప్పి విండోస్‌లో తగ్గించుకోవడం చాలామందికి అలవాటు. విండోస్‌లో 80 దాకా ఉంచి, నాబ్‌ని సగం దాటనివ్వకుండా ఒకసారి వినండి. అప్పుడు గరగర లేకపోతే వెంటనే విప్పక్కర్లేదు, యాంప్ దాని శక్తికి మించి క్లిప్ అవుతూ (సౌండ్ అలల కొసలు తెగుతూ) ఉండొచ్చు.