‘బ్రేక్’ అంటే ఇరిగిందా, పలిగిందా, తెగిందా?

పర్కాల:
పదో తరగతికి ఇంగ్లిష్‌ల ‘బ్రేక్’ క్రియ చెప్పాలె. నిఘంటువు తీస్తే మొదలు ‘విరుచు’ అనే కనబడతది. పిల్లలు దాన్నే పట్టుకొని ‘తాడు విరిగింది’, ‘మాట విరిచాడు’, ‘ఉపవాసం విరిచింది’ అని రాస్తున్నరు. అసలు అర్థం ఎక్కడిదాక, అలంకారం ఎక్కడికెళ్లి మొదలైతది? తెలిసిన సార్లు, మేడంలు చెప్పుండ్రి.

హనుమకొండ:
మేడం, బోర్డు మీద ముందుగాల క్రియ రాయకుండ్రి, వస్తువు రాయుండ్రి. ఇంగ్లిష్‌కు ఒక్క ‘బ్రేక్’ సరిపోతది. మనకు ఏ వస్తువో తెలువందే నోట్ల క్రియ రాదు.

వంచితే రెండయ్యేది ఇరుగుతది: కట్టె, ఎముక, సుద్దముక్క. మక్క కంకులు ఇరుసుడు కూడా ఇందుకే. పెళుసుగ ఉండి దెబ్బకు ముక్కలయ్యేది, నెర్రె వారేది పలుగుతది (పుస్తకంల ‘పగులు’): కుండ, గ్లాసు, గుడ్డు, తలకాయ. గుంజితే రెండయ్యేది తెగుతది: దారం, తాడు, కరెంటు తీగ, చెప్పు. బట్ట, కాయితం చినుగుతయి. అక్కడ ఇంగ్లిష్ కూడా ‘బ్రేక్’ అనదు, ‘టేర్’ అంటది. ఏ ముక్కా ఊడకుండ పని ఆగిపోతే ఖరాబైంది అంటం. ‘మై ఫోన్ ఈజ్ బ్రోకెన్’ అన్నదాన్ని ‘నా ఫోన్ విరిగింది’ అని రాసేది ఇది తెలువకనే.

కొత్తవాడ మగ్గం ఒక్కటి చాలు ఉదాహరణకు. పోగు తెగితే ముడేసుకుంటరు. మగ్గం కట్టె ఇరిగితే వడ్లాయన రావాలె. మరమగ్గం మోటరు ఖరాబైతే మెకానిక్ రావాలె. ఇంగ్లిష్‌ల మూడిటికీ ‘బ్రోక్’ అనొచ్చు. తెలుగుల క్రియ వింటేనే ఎవరిని పిలవాల్నో తెలుస్తది.

ములుగు:
చెరువు సంగతి కూడా చేర్చండి. మట్టికట్ట పగలాలి కదా అనిపిస్తుంది, కానీ మనం ‘కట్ట తెగింది’ అంటాం. కట్టినది తెగుతుంది, తాడైనా చెరువుకట్టైనా. అక్కడ పడేది గండి. అంతకుముందు చిన్నగా నీళ్లు కారే రంధ్రం బుంగ. ఇంగ్లిష్ పత్రికలు గండికి రాసే ‘బ్రీచ్’ కూడా ‘బ్రేక్’కు చుట్టమే. కానీ రామప్పో పాకాలో నిండి మత్తడి దుంకితే అది ‘బ్రేక్’ కానే కాదు, ‘ఓవర్‌ఫ్లో’. కట్ట భద్రంగా ఉంటుంది. వార్త అనువదించేటప్పుడు ఈ రెండూ కలిపేస్తే కింది ఊళ్లు హడలిపోతాయి.

నర్సంపేట:
ఇంకో తప్పు ఎవరూ చెప్పలే. మన క్రియలు జంటలు: ఇరుగు–ఇరుచు, తెగు–తెంపు, పలుగు–పలగ్గొట్టు. దానంతట అదయితే ఒకటి, ఎవరన్న చేస్తే ఇంకొకటి. ఇంగ్లిష్‌ల రెండిటికీ ‘బ్రేక్’ ఒక్కటే. ‘ది గ్లాస్ బ్రోక్’ అంటే గ్లాసు పలిగింది, ‘హీ బ్రోక్ ది గ్లాస్’ అంటే పలగ్గొట్టిండు. చిక్కు వచ్చేది ‘ఐ బ్రోక్ మై లెగ్’ దగ్గర. పిల్లలు ‘నా కాలు విరగ్గొట్టుకున్నాను’ అని రాస్తరు, తన తప్పుతోటే అయినట్టు. అక్కడ ‘నా కాలు విరిగింది’ అనే రాయాలె.

హనుమకొండ:
ఇగ అలంకారం. ఇక్కడ వస్తువు ఉండదు గనుక ప్రశ్న మార్చాలె: అది నిలుపుకోవాల్సిందా, దాని వేళకు అయిపోవాల్సిందా, ఇద్దరి నడుమ ఉన్న బంధమా?

నిలుపుకోవాల్సింది తప్పుతం: మాట తప్పిండు, ఆన తప్పిండు. వేళకు ముగిసేది ఇడుస్తం: ఒక్కపొద్దు ఇడిసిండ్రు, జరం ఇడిసింది, మౌనం వీడిండు. ‘బ్రేక్ ఎ వవ్’, ‘బ్రేక్ ఎ ఫాస్ట్’ రెండూ ఇంగ్లిష్‌ల ఒకే తీరుగ వినబడతయి. మనకు మొదటిది తప్పు, రెండోది పద్ధతి. వ్రతభంగం అంటే దోషం. పొద్దుగూకినంక ఒక్కపొద్దు ఇడుసుడు దోషం కాదు. ‘బ్రేక్‌ఫాస్ట్’ల ఉన్నది ఈ ఇడుపే. బంధమైతే తెగుతది. తెగు, తెంపు కలిసిన ‘తెగతెంపులు’ కన్న బలమైన మాట ‘బ్రేకప్’కు దొరకదు.

ఎనుమాముల:
‘తెగు’ దగ్గర ఒక జాగ్రత్త అన్నా. మార్కెట్ల ‘బేరం తెగింది’ అంటే చెడిపోయిందని కాదు, ధర ఖాయమైందని. ‘తెగలే’ అంటేనే ఇంకా కుదరలేదని. ‘పంచాయితీ తెగుతలేదు’ అన్నా అంతే, తీర్పు కాలేదని. దీన్ని ‘ది డీల్ బ్రోక్’ అని ఇంగ్లిష్‌ల పెడితే అర్థం తలకిందులైతది. ‘సెటిల్డ్’ అనాలె.

పర్కాల:
మరి ‘హార్ట్ బ్రోక్’కు ‘మనసు విరిగింది’ పెట్టొచ్చునా?

ములుగు:
పెట్టకండి మేడం. మనసు విరగడం అంటే ఇష్టం పోవడం. ‘వాడి మీద మనసు విరిగింది’ అంటే ఇక వాడు వద్దనే. దుఃఖానికి ‘గుండె పగిలింది’ సరిపోతుంది, ఇంకా లోతుగా కావాలంటే ‘గుండె చెరువైంది’. అలాగే ‘ఐయామ్ బ్రోక్’ అంటే చేతిలో పైసా లేదని. ‘ఐయామ్ బ్రోకెన్’ అంటే కుంగిపోయానని. ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడాకు వాక్యమే మారిపోతుంది.

నేరుగా కలిసేవి కూడా కొన్ని ఉన్నాయి: ‘బ్యాక్‌బ్రేకింగ్’ పనికి మన ‘నడుం ఇరిగే పని’ అచ్చంగా అదే బొమ్మ. రికార్డు కూడా పత్రికల్లో బద్దలే అవుతుంది. మిగతావి అవసరాన్ని బట్టే: ‘డే బ్రోక్’ అంటే తెల్లారింది, ‘ది న్యూస్ బ్రోక్’ అంటే సంగతి బయటికి పొక్కింది.

‘భిన్నం’ చెప్పే లెక్కల సారుకూ ఒక మాట. ‘ఫ్రాక్షన్’ లాటిన్‌లో ‘విరుచు’ అనే ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో ‘భిన్నం’ అన్నా చీలింది, పగిలింది అనే. ఈ మాట చెప్పి రొట్టెను నాలుగు ముక్కలు తుంచి చూపిస్తే పిల్లలకు రెండు పాఠాలు ఒకేసారి వస్తాయి.

నర్సంపేట:
డిక్టేషన్ చెప్పేటప్పుడు ఇదొకటి యాదుంచుకోండ్రి మేడం. బండికి ఏసే బ్రేకు, ఇరిగే బ్రేకు, ఇంటర్వెల్ బ్రేకు మన లిపిల ఒక్కతీరే, పలుకుడు కూడా ఒక్కతీరే. ఇంగ్లిష్‌ల బండిది బి-ఆర్-ఏ-కె-ఇ, మిగిలిన రెండూ బి-ఆర్-ఇ-ఏ-కె. ఉత్త మాట చెప్తే సగం మంది తప్పు రాస్తరు. ‘బస్సు బ్రేకు’, ‘బెల్లు కొట్టినంక బ్రేకు’ అని వాక్యంల పెట్టి చెప్పుండ్రి.