వాల్వ్ రేడియో ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో చుట్టుకోవచ్చా?

పాతపెట్టె: తాతగారి వాల్వ్ రేడియోలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. హెచ్‌టీకి (వాల్వులకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ) 250-0-250 వోల్టులు, అంటే మధ్య తీగకు అటూ ఇటూ 250 చొప్పున, వాల్వుల్లో వేడెక్కే ఫిలమెంట్లకు 6.3 కావాలి. షాపులో 6-0-6, 12-0-12 తప్ప లేవన్నారు. నేనే చుట్టేద్దామనుకుంటున్నా. ఏమంటారు?

తీగచుట్ట: చుట్టండి, బ్రహ్మవిద్యేం కాదు. కోర్ (చుట్ల మధ్య ఉండే ఇనుప దిమ్మ) మధ్య కాలు అడ్డుకోత వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో కొలిచి, 45ను దానితో భాగించండి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు వోల్టుకు ఎన్ని చుట్లో తెలుస్తుంది. వైశాల్యం 9 ఉంటే వోల్టుకు 5 చుట్లు. ప్రైమరీకి, అంటే 230 వోల్టుల మెయిన్స్ కలిపే చుట్టకు, 1150. ఫిలమెంటుకు 32 చాలు గానీ, లోడు పడితే వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి 33 వేయండి.

మీటర్‌మామ: హెచ్‌టీ ఊసెత్తలేదేం? 2500 చుట్లు, అదీ వెంట్రుకలాంటి 36 గేజ్ తీగ! పోయినేడు నేనూ కూర్చున్నాను. 1800 దాటాక మా పాప "నాన్నా" అంది, లెక్క గోవిందా. రెండోసారి తీగే తెగింది.

తీగచుట్ట: నోటితో లెక్కపెడితే అంతే మరి. పాత కాలిక్యులేటర్‌లో సమానం మీటకు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) కలిపి, చుట్టే హ్యాండిల్‌కు అయస్కాంతం అంటించండి. 1+1 కొట్టి తిప్పుతూ పోతే అదే లెక్కపెడుతుంది.

సోల్డర్‌రావు: లెక్క సరే, ఇన్సులేషన్ మాటేంటి? ప్రైమరీకి, సెకండరీకి (వోల్టేజీ బయటికిచ్చే చుట్టకు) మధ్య పేపరు అంచున ఒక్క చుట్టు జారినా 230 వోల్టులు చాసిస్ (రేడియో లోపలి ఇనుప చట్రం) మీదికొస్తాయి. నా ఓటు రెడీమేడ్‌కే. రెండు 6-0-6, 5 ఆంపియర్లవి కొని సెకండరీలు ఒకదానికొకటి కలపండి. ఫిలమెంట్లకు మధ్యలోంచి 6 వోల్టులు తీసుకోవచ్చు, వాల్వులు 10 శాతం తేడా తట్టుకుంటాయి. మొదటిదాని ప్రైమరీకి కరెంటిస్తే రెండోదాని ప్రైమరీలో 200 దాకా వస్తుంది. ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి పెడితే 270 డీసీ.

మీటర్‌మామ: అప్పుడు ఆ పనే చేసే రెక్టిఫైయర్ వాల్వ్ అలంకారానికా? తాతగారి రేడియో కదండీ!

పాతపెట్టె: ఇవాళ విప్పి చూశాను. ప్రైమరీ అన్నిటికన్నా లోపలుంది, మీటర్‌లో బాగానే చూపిస్తోంది. నల్లబడింది హెచ్‌టీ మాత్రమే. అదొక్కటే చుడితే?

సోల్డర్‌రావు: ఆ మాట ముందే చెప్పాల్సింది! అయితే చుట్టండి, నేను అడ్డురాను. పైనున్న ఫిలమెంట్ చుట్లు విప్పేటప్పుడు లెక్కపెట్టి 6.3తో భాగించండి, వోల్టుకు ఎన్నో కంపెనీవాడి లెక్కే దొరుకుతుంది. హెచ్‌టీ కూడా తీసేశాక స్టాంపింగ్స్ (కోర్ ఇనుప రేకులు) మళ్లీ పేర్చి, 60 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ప్రైమరీకి కరెంటివ్వండి. బల్బు గట్టిగా వెలిగిందంటే ప్రైమరీ కూడా పోయినట్టే, రెండు 6-0-6లు కొనుక్కోండి.